తప్పిన దెబ్బ ఎటు పోతుంది?

పొయ్యిలో పెట్టే కట్టె తయారు కావాలంటే రెండు పనులు జరగాలి. దుంగను రంపంతో అడ్డంగా కోసి మొద్దులు చేయడం ఒకటి. ఆ మొద్దులను గొడ్డలితో నిలువునా చీల్చి పేళ్లు చేయడం రెండోది. మొదటిది పీచును తెంపే పని, నెమ్మదిగా సాగుతుంది. రెండోది పీచుకూ పీచుకూ మధ్య ఉన్న పట్టు విడదీసే పని, ఒక్క దెబ్బతో తేలిపోతుంది. కొత్తవాడు ముందుగా జాగ్రత్త పడాల్సింది ఈ రెండోదాని దగ్గరే. తల మీది నుంచి కిందికి బయల్దేరిన రెండు కిలోల ఇనుము మధ్యలో ఆగమంటే ఆగదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, ఆ తర్వాత 2016లో ఉజ్వల వచ్చి పల్లెల్లో గ్యాస్ పొయ్యిలు వెలిగించాయి. అయినా పెళ్లి వంటలకు, హోటళ్లకు, స్నానాల నీళ్ల కాగులకు కట్టె అవసరం తీరలేదు. పోయింది కట్టె కొట్టడం చూస్తూ పెరిగే అలవాటు. అందుకే ఇప్పుడు గొడ్డలి పట్టే కుర్రవాడికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తోంది.

ఎలా చెప్పాలన్నదాని మీద రెండు పక్షాలున్నాయి. దెబ్బ తప్పకుండా కొట్టడం నేర్పితే చాలు, భద్రత దాని వెంటే వస్తుందనేది ఒకటి. దెబ్బ ఎప్పుడో ఒకప్పుడు తప్పి తీరుతుంది, తప్పినప్పుడు అది ఒంటి మీదికి రాకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలనేది రెండోది. కింది సంవాదంలో మొదటి పక్షం మామది. కడప జిల్లా కమలాపురం వైపు కట్టెల అడితిలో కొట్టి కొట్టి చేతులు కాయలు కాచిన మనిషి. రెండో పక్షం అల్లుడిది. ఐటీఐలో ఫిట్టరు పని నేర్పుతాడు. నేర్చుకోబోయే కుర్రవాడు వింటున్నాడు.

మామ: నేర్చుకునేటోనికి కంపచెట్టు కట్టె ఇచ్చినావంటే మొదటిరోజే గొడ్డలి పారేసి పోతాడు. అంతా వంకర, ముడి, ముల్లు. సరుగుడు తెప్పియ్యి. నిక్కంగా ఉంటాది, దెబ్బకు రెండవుతాది. చెయ్యి కుదిరినాక కంప కట్టె చూద్దాం.

అల్లుడు: దీంట్లో నీతో పేచీ లేదు మామా. కానీ కంప దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం చెప్పులతో రానివ్వను. ఆ ముల్లు చెప్పు అడుగులోంచి దిగుతుంది.

కంపచెట్టు అని సీమలో, సర్కారు తుమ్మ అని మిగతాచోట్ల పిలిచే ఈ చెట్టుకు కమలాపురంతో పాత సంబంధమే ఉంది. వంటచెరకు కొరత తీరుతుందని జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877లో ఆ ప్రాంతంలోనే నాటారు. కొరత తీర్చింది, పొలాలూ చెరువులూ ఆక్రమించింది. కట్టె గట్టిది, నిప్పు బాగా నిలుస్తుంది, బొగ్గుకు మంచి పేరుంది. నేర్చుకోవడానికి మాత్రం పనికిరాదు. సరుగుడు పచ్చిగా ఉన్నా మండుతుంది, సులువుగా చీలుతుంది. జామాయిల్ పచ్చి మీద ఉండగానే చీల్చాలి, ఎండితే మొండికేస్తుంది. చింత మొద్దు జోలికి కొత్తవాడు పోకూడదు. మాంసం కొట్లలో నరికే మొద్దుగా చింతనే వాడడానికి కారణం అది అంత తొందరగా పగలకపోవడమే. అందువల్లే కట్టె కొట్టేటప్పుడు కింద పెట్టుకునే అడుగుమొద్దుగా అది బాగా పనికొస్తుంది.

చెట్టు ఎవరిదన్న సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. సొంత పొలంలో ఉన్నదైనా వాల్టా చట్టం (2002) కింద అనుమతి కావాలో అక్కర్లేదో అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు. కడప జిల్లాలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కొండవారన పడి ఉన్న దుంగ కోస్తే లోపల ఎర్రగా కనిపించిందంటే, అది ఎర్రచందనమేమోనని అనుమానించి అక్కడే వదిలి రావాలి.

పనిముట్టు దగ్గర తగవు మొదలవుతుంది.

మామ: కొత్తోనికి చిన్న గొడ్డలి చాలు. బరువు తక్కువ, కామ పొట్టి. పెద్దది ఇస్తే కాలు నరుక్కుంటాడు.

అల్లుడు: బరువు తక్కువ అన్నావు, ఒప్పుకుంటా. కామ పొట్టి అన్నావు, అది ఒప్పుకోను. కాలు నరికేది పొట్టి కామే.

మామ: ఏందబ్బీ, తలకిందులుగా చెప్తాండావు?

అల్లుడు: నిలబడి పొట్టి గొడ్డలి విసురు, మొద్దుకు తగలకుండా తప్పించు. అది ఎటు పోతుంది? గుండ్రంగా తిరిగి నీ మోకాలి కిందికే వస్తుంది. మూడడుగుల కామ అయితే నీ కాళ్లకు ముందే నేలలో దిగుతుంది. ఎంత దూరం విసిరావో అంత దూరంలో ఆగుతుంది.

లెక్క అల్లుడి వైపే ఉంది. గొడ్డలి భుజం చుట్టూ తిరుగుతూ దిగుతుంది. చేయి, కామ కలిసిన పొడవు నేలను అందుకునేంత ఉంటే తప్పిన దెబ్బ నేలకు పోతుంది. అంత లేకపోతే తిరుగుడు పూర్తయి కాలి దగ్గరికి చేరుతుంది. పొట్టి గొడ్డలితో పుల్లలు చీల్చాలనుకుంటే మోకాళ్ల మీద కూర్చుని కొట్టాలి. అప్పుడు నేల దగ్గరికొస్తుంది, తప్పిన దెబ్బకు అది అడ్డం పడుతుంది. నిలబడి కొట్టేవాడికి 80 నుంచి 90 సెంటీమీటర్ల కామ కావాలి.

బరువు సంగతి వేరు. దెబ్బ శక్తి బరువు రెట్టింపైతే రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. నాలుగు కిలోల గండ్రగొడ్డలిని బరువుకు తూలుతూ దించేవాడి కంటే రెండు కిలోలదాన్ని చక్కగా, వేగంగా దించేవాడికే కట్టె చీలుతుంది. మామ ఏ లెక్కా లేకుండానే ఈ మాట అంగీకరిస్తాడు. అడితిలో లావుపాటి మనుషులను సన్నటివాళ్లు ఓడించడం ఆయన చూశాడు. గొడ్డలి ఆకారం కూడా గమనించాలి. చెట్టు నరికే గొడ్డలి చెంపలు పలచగా ఉంటాయి, మొద్దులో లోతుగా దిగి ఇరుక్కుపోతుంది. చీల్చే గొడ్డలి చెంపలు ఉబ్బుగా ఉండి, దిగుతూనే రెండు పక్కలకూ నెడతాయి. అంగట్లో ఒక్కటే దొరికితే ఉబ్బుగా ఉన్నదే కొనాలి.

మామ: కామ కదులుతాంటే రాత్రి నీళ్లలో పడేస్తే సరి. పొద్దున్నే బిగుసుకుపోతాది.

అల్లుడు: ఆ పూటకు బిగుస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఆరి ముందటి కంటే వదులవుతుంది. అప్పుడు తల ఎగిరి ఎవరి మీద పడుతుందో!

ఇక్కడ మామది ఊళ్లో అందరూ చేసే పనే, అయినా తప్పే. నీళ్లకు ఉబ్బిన చెక్క పీచు ఇనుము కన్నులో నలిగిపోతుంది, ఆరాక మునుపటి లావుకు తిరిగి రాదు. కామ పైకొసలో చీల కొట్టి బిగించడమే సరైన పద్ధతి. కామకు నిలువు బీట కనిపిస్తే బిగించి లాభం లేదు, మార్చాలి. ఎండిన నల్లతుమ్మ కామకు మంచిది. పని మొదలుపెట్టే ప్రతిసారీ గొడ్డలిని తలకిందులుగా పట్టి కామ అడుగును నేలకు తట్టి, తల కదులుతుందో లేదో చూడటానికి అర నిమిషం కూడా పట్టదు. వాదర సంగతికొస్తే, చీల్చే గొడ్డలికి గడ్డం గీసేంత పదును అక్కర్లేదు గానీ, మొద్దుబారితే కట్టె మీద నుంచి జారి పక్కకు పోతుంది. ఆకురాయితో రెండు వైపులా సమంగా రాస్తే చాలు.

కోత గురించి ఇద్దరికీ పెద్దగా తేడా లేదు. దుంగను నేల మీద పెట్టి కోస్తే రంపం మట్టిలో దిగి పళ్లు పాడవుతాయి, దుంగ దొర్లుతుంది. రెండు ఎక్స్ ఆకారపు కొయ్యకాళ్ల మీద పెట్టి, కాళ్లకు బయట ఉన్న కొసను కోయాలి. రెండు ఆనుల మధ్యలో కోస్తే దుంగ కిందికి వంగి, కోత పైభాగం మూసుకుని రంపాన్ని పట్టేస్తుంది. బయటి కొసను కోస్తే ముక్క కిందికి వంగుతూ కోత తెరుచుకుంటుంది. అప్పుడు ముక్క ఒక్కసారిగా పడుతుంది కాబట్టి పాదం దాని కింద ఉండకూడదు. బంక పట్టిన రంపానికి కాస్త కిరసనాయిలు రాయడం మామ చిట్కా. మొద్దు పొడవు పొయ్యిని బట్టి ఉంటుంది. 40 సెంటీమీటర్లకు అటూ ఇటూ అయితే నిలబెట్టడానికి, చీల్చడానికి వీలు.

మామ: ఈ కాలంలో చేతి రంపం ఎందుకు? రంపం మిషను బాడుగకు తెచ్చుకుంటే గంటలో తెమిలిపోతాది.

అల్లుడు: మిషన్ల మధ్య బతికేవాణ్ని, నేనే వద్దంటున్నా. ఆ గొలుసు సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. గొలుసు తిరిగే పలక ముక్కు పైభాగం దేనికన్నా తగిలిందా, రంపం మొత్తం ఎగిరి మొహం మీదికే వస్తుంది. రెప్ప వేసేలోపు జరిగిపోతుంది. పట్టు, నిలబడే తీరు, కాలికి రక్షణ తొడుగు, హెల్మెట్, చెవులకు మూతలు, గొలుసు బ్రేకు పని చేస్తుందో లేదో చూసుకోవడం, ఇవన్నీ వేరుగా నేర్పాల్సిన పాఠం. లుంగీ కట్టుకుని చెప్పులతో పట్టేది కాదు.

మామ: అడితిలో అందరూ లుంగీతోనే పడతారు.

అల్లుడు: పట్టినవాళ్లు నీకు కనిపిస్తున్నారు. మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్లు కనపడరు.

మామ దీనికి జవాబివ్వడు. చేత్తో కోయడం నెమ్మదే అయినా కొత్తవాడికి ఒక లాభముంది. దుంగలో బలం ఎటు పోతోందో, ముడి ఎక్కడ తగిలిందో చేతికి తెలుస్తుంది. ఆ తెలివి చీల్చేటప్పుడు అక్కరకొస్తుంది.

చీల్చడం మీదే అసలు వాదన. మామ పాఠం కళ్లతో మొదలవుతుంది. అడుగుమొద్దు మీద బొగ్గుతో ఒక గీత గీస్తాడు. కట్టె లేదు, ఏమీ లేదు. ఆ గీత మీద గొడ్డలి దించమని కుర్రవాడికి చెబుతాడు. దిగింది గీతకు నాలుగు వేళ్ల అవతల.

మామ: చూసినావా, గొడ్డలి యాడ చూస్తే ఆడ దిగతాది. వీడు గొడ్డలిని చూస్తాండాడు. గీతను చూడల్ల. గొడ్డలి పైకి పోయినా, కిందికి దిగినా కన్ను గీత మీద నుంచి పక్కకు పోకూడదు. పదిసార్లు గీతలో పడినాకే కట్టె పెడతా.

అల్లుడు: ఈ పాఠం నా వర్క్‌షాపులో కూడా లేదు. దీన్ని కాదనేవాడెవడు? నేనడిగేది పదకొండోసారి సంగతి. ఒళ్లు అలిసి, చెమట కంట్లోకి కారి తప్పిన దెబ్బ సంగతి.

అల్లుడి ఏర్పాట్లన్నీ ఆ పదకొండో దెబ్బ కోసమే. అడుగుమొద్దు ఎత్తు మోకాలిని మించకూడదు. 30 నుంచి 40 సెంటీమీటర్లు సరిపోతుంది. చీల్చాల్సిన ముక్కను అడుగుమొద్దు మధ్యలో కాక, కొట్టేవాడికి అవతలి అంచు వైపు నిలబెట్టాలి. అప్పుడు దెబ్బ పొట్టిగా పడినా ఇవతల మిగిలిన మొద్దు మీద దిగుతుంది, కాళ్ల దాకా రాదు. పొడుగ్గా పడితే మాత్రం కామ ముక్క అంచుకు కొట్టుకుని విరుగుతుంది. కామ పోయినా పరవాలేదు. దూరం కొలవడం సులభం. చేతులు రెండూ చాచి, వాదరను ముక్క మీద ఆనించి, మోచేతులు వంగకుండా నిలబడితే అదే సరైన దూరం. కాళ్లు భుజాలంత వెడల్పుగా, ఒకదాని పక్కన ఒకటి ఉండాలి. ఒక కాలు ముందుకు వేసి కొట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. తప్పిన దెబ్బ దారిలో ఆ ముందు కాలే ఉంటుంది.

దెబ్బ వేసే పద్ధతి ఇది. ఒక చేయి కామ చివర, రెండో చేయి తలకు దగ్గరగా. గొడ్డలి పైకి లేచి దిగేటప్పుడు రెండో చేయి జారుతూ వచ్చి మొదటి చేతిని చేరుతుంది. వాదర కట్టెను తాకే ముందు మోకాళ్లు కొద్దిగా వంగాలి. కొత్తవాళ్లు మరిచిపోయేది దీన్నే. మోకాళ్లు బిగిసి ఉంటే గొడ్డలి చివర్లో ఒంటివైపు లాక్కుంటూ వస్తుంది. వంగితే నిట్టనిలువుగా దిగుతుంది. బలం పెట్టి నొక్కాల్సిన పని లేదు, ఇనుము బరువు అదే చూసుకుంటుంది.

మామ: ఇదంతా సరేగానీ, కట్టె చదవడం చెప్పలేదు. కొసన చూడు, ఎండి నెర్రెలిచ్చి ఉంటాది. ఆ నెర్రెలోనే కొట్టు, సగం పని అదే చేసి పెట్టింది. ముడి ఉన్న కొస కిందికి పెట్టు, నున్నగా ఉన్న కొస పైకి. పెద్ద మొద్దును నడిమధ్య కొట్టొద్దు. పక్కల నుంచి చెక్కలు చెక్కలుగా ఊడదీసుకుంటా రా, చివరకు నడిమి ముక్క అదే లొంగుతాది.

ఈ మాటలు ఏ పుస్తకానికీ తీసిపోవు. గొడ్డలి ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలన్నదానికీ మామ దగ్గర జవాబుంది. ముక్కతో సహా ఎత్తి బాదడం ఆయన వాడుక. ముక్క చిన్నదై, నిలువునా దింపితే అది పనిచేస్తుంది. పెద్దదైతే నడుము పడుతుంది, గాలిలో ఉండగా ముక్క ఊడి తల మీద పడొచ్చు. కామ చివరను అరచేత్తో కిందికీ పైకీ కొడితే వాదర వదులవుతుంది. కాలితో తన్ని లాగడం ఇద్దరూ వద్దంటారు.

గొడ్డలి వీపు మీద సమ్మెటతో కొట్టడం దగ్గర మాటలు మళ్లీ పెరిగాయి.

మామ: ఇరుక్కుంటే సమ్మెటతో రెండేస్తే దిగతాది. ఎప్పుడూ చేసేదే.

అల్లుడు: గట్టి ఇనుము మీద గట్టి ఇనుముతో కొడితే అంచు పగిలి ముక్క ఎగురుతుంది. అది తూటాయే మామా. ఫిట్టరు షాపుల్లో కళ్లు పోయేది ఇట్లాగే. సమ్మెట దెబ్బకు ఇనుప చీల ఉంది కదా, గొడ్డలి ఎందుకు?

చీలకూ నియమముంది. దెబ్బలకు దాని తల అంచులు బయటికి విచ్చుకుంటాయి. అలా విచ్చుకున్న రేకులే విరిగి ఎగురుతాయి. గ్రైండరుతో వాటిని అరగదీశాకే మళ్లీ వాడాలి. ఈ పని చేసేటప్పుడు కంటికి అద్దాలు తప్పనిసరి. మామూలుగా చీల్చేటప్పుడు కూడా పెట్టుకోవాలి, ఎందుకంటే పేళ్లు కంటి ఎత్తుకే ఎగురుతాయి.

చేతి తొడుగుల విషయంలో మామదే పైచేయి. జారే నూలు తొడుగులతో కామ పట్టడం కంటే ఉత్త చేతులే నయం. ముళ్లకంప మోసేటప్పుడు తోలు తొడుగులు వేసుకుని, కొట్టేటప్పుడు తీసేయొచ్చని అల్లుడు ఒప్పుకున్నాడు. బూట్ల మీద మాత్రం వెనక్కి తగ్గలేదు. గొడ్డలి దెబ్బను ఏ తోలు బూటూ ఆపదని మామ అన్నది నిజమే. కానీ పాదం మీద పడే మొద్దును, ముల్లును ఆపుతుంది. పంచె అయితే గోచీ పోసి, చీర అయితే కొంగు దోపి కట్టుకోవాలి. కొట్టేవాడి చేయి, కామ కలిసిన పొడవుకు రెండింతల దూరంలోపల పిల్లలు, కోళ్లు, కబుర్లకొచ్చిన పొరుగువాళ్లు ఎవరూ ఉండకూడదు. వెనక కూడా. తల ఊడితే అది ముందుకే పోవాలని లేదు.

సన్న పుల్లలు చీల్చేటప్పుడు ముక్కను ఎడమ చేత్తో పట్టుకుని కుడిచేత్తో కొట్టడం అన్ని ఇళ్లలో కనిపించే దృశ్యం. వేళ్లు పోయేది అక్కడే. ముక్క నిలబడకపోతే వేరే పుల్లతో ఆనించి పట్టాలి. లేదా వాదరను ముక్క కొసకు ముందే ఆనించి, రెంటినీ కలిపి ఎత్తి అడుగుమొద్దు మీద కొట్టాలి. వేలు దెబ్బ దారిలో ఉండనే ఉండదు. అడుగుమొద్దు మీద పాత మోటారు సైకిల్ టైరు పెట్టి అందులో సన్న ముక్కలు గుత్తిగా నిలబెడితే పడిపోవు, వంగి ఏరుకునే బాధ కూడా తగ్గుతుంది.

కొట్టిన కట్టెను వెంటనే పొయ్యిలో పెట్టకూడదు. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగం నీరే. ఒక కిలో నీటిని కాచి ఆవిరి చేయడానికి 600 కిలోకేలరీలకు పైగా వేడి పోతుంది. ఆ వేడి గిన్నెకు చేరదు, పైగా పొగ కంట్లోకి వస్తుంది. తేమ 20 శాతం లోపుకు దిగితే కట్టె బాగా మండుతుంది. చీల్చిన పేడు మొద్దు కంటే చాలా త్వరగా ఆరుతుంది. రెండు పేళ్లు ఒకదానికొకటి తాటిస్తే ఎండినవి ఖణేల్‌మంటాయి, పచ్చివి డబ్‌మంటాయి. గన్నేరు కట్టె ఎంత ఎండినా వంటకు వాడకూడదు, అది విషం. రంగు వేసిన చెక్క కూడా అంతే.

పేర్చేటప్పుడు కింద రాళ్లు పెట్టి నేలకు ఎత్తుగా, ఇంటి గోడకు ఎడంగా పేర్చాలి. గోడకు ఆనిస్తే చెదలు. కుప్ప ఛాతీ ఎత్తు మించితే కూలుతుంది. కట్టె తీసేటప్పుడు పైనుంచి తీయాలి, ముందు కర్రతో తట్టాలి. కట్లపాము, తేలు, జెర్రి ఆ చల్లదనం కోసమే చేరతాయి. రాత్రిపూట లైటు లేకుండా కుప్పలో చేయి పెట్టడం మామ కూడా చేయడు.

మామ: ఇంత చెప్పినా తెగితే? పసుపు ఒత్తి గుడ్డ కట్టు.

అల్లుడు: గుడ్డ ఒక్కటే కట్టు, పసుపొద్దు.

గాయానికి పసుపు, కాఫీ పొడి, బూడిద ఏదీ పెట్టకూడదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, రక్తం ఆగేదాకా వదలకూడదు. గుచ్చుకుని లోతుగా దిగినదాన్ని అక్కడ లాగకూడదు. వేలు తెగిపడితే శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఐసులో ఉంచి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఐసు వేలికి నేరుగా తగలకూడదు. ముల్లు గుచ్చుకున్నా, గొడ్డలి గీసుకున్నా ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగాలి. 108కి ఫోన్ చేయడానికి మాత్రం రెండో మనిషి కావాలి. కాబట్టి నేర్చుకునేవాడు పిలిస్తే పలికేంత దూరంలో ఎవరూ లేనప్పుడు గొడ్డలి ఎత్తకూడదు. నిలబడి ఉన్న చెట్టును అసలు ముట్టుకోకూడదు. ఈ రెండింటి మీదా మామకు, అల్లుడికి తగవు రాలేదు.